మా ఆయన మీద ఎర్ర లేబుల్

నమోదు 612, సోమవారం

రసవాడ కాలనీ, మూడో వరుస, ఉదయం తనిఖీ. పచారీ కొట్లో ఫినాయిల్ సీసా లేబుల్ చిరిగిపోతే కొత్తది అంటించాను. ఎదురింటి తవిటమ్మ మామిడికాయ పచ్చడి జాడీ మీద ‘ఆమ్లం, స్వల్ప ప్రమాదం’ అన్న పసుపు బిళ్ళ నూనెకి జారిపోయింది. తుడిచి మళ్ళీ పెట్టాను. ఈ బిళ్ళలు వచ్చాక పచ్చడి రుచి పోయిందని ఆవిడ గొడవ. బిళ్ళ జాడీకి బయట ఉంది కదా అంటే వినిపించుకోదు. తాగునీళ్ళ డ్రోను ఆలస్యంగా వచ్చింది. అది నా శాఖ కాదు, అయినా నన్నే తిట్టారు.

ఇంతవరకు రోజూ రాసేదే. ఇక్కడి నుంచి ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

తనిఖీ ముగించుకుని అన్నానికి ఇంటికి వచ్చాను. నా భుజం మీద కూర్చునే వాసన యంత్రానికి ప్రమాద పదార్థాల శాఖ పెట్టిన పేరు ఘ్రాణి. కాలనీలో అందరూ దాన్ని ముక్కు అంటారు, నాకూ అదే అలవాటైంది. దాన్ని దింపి మేకుకు తగిలిస్తుండగా మా ఆయన అసిరినాయుడు పెరట్లోంచి లోపలికి వచ్చాడు. ముక్కు ఎర్రగా వెలిగి కూత పెట్టింది.

కిరసనాయిలు కోసం వెతికాను. మా ఇంట్లో కిరసనాయిలు ఏ కాలంలోనూ లేదు. దోమల మందు చూశాను, చెప్పుల పాలిష్ చూశాను, దేవుడి దగ్గర కర్పూరం చూశాను. ఏదీ కాదు. ముక్కుని చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగితే మా ఆయన దగ్గరికి వచ్చినప్పుడల్లా కూత పెరుగుతోంది.

“ఏటే, నన్ను సూసి కూత్తన్నాది?” అన్నాడు.

“ఎండుసేప తిన్నావు గావాల బావా. నోరు కడుక్కో.”

నోరు కడుక్కుని వచ్చాడు. కూత తగ్గలేదు. అంతలో ముక్కు పక్కనున్న సందులోంచి ఒక ఎర్ర లేబుల్ బయటికి వచ్చింది. ‘మండే ద్రవం. మూడో తరగతి. నీలద్రావకం. బ్యాచ్: 7. పాత్రలు: ఒకటి. ఎత్తు: ఐదడుగుల ఆరంగుళాలు. మూత: లేదు.’

మా ఆయన అది చదివి చాలాసేపు నవ్వాడు. “నా నోటికి మూత లేదని నువ్వు రోజూ అంతావు గదా, దానికీ తెలిసిపోనాది” అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లేబుల్‌ని చెత్తలో వేయబోయి ఆగిపోయాను. ముక్కు ఇచ్చిన లేబుల్‌ని పారేయడం నేరం. బీరువా మీద పెట్టాను.

నమోదు 613, మంగళవారం

ముక్కు పాడైందనే అనుకున్నాను. మండల ఆఫీసుకు తీసుకెళ్ళి, పరీక్ష కోసం ఉంచే సీసాలు ముందు పెట్టి చూపించాను. ఏ సీసాలో ఏముందో తడుముకోకుండా చెప్పింది.

మా అధికారి వైకుంఠరావు గారు మంచివారు. ఏ ప్రశ్న అడిగినా ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. తుడుచుకోవడం అయ్యేలోపు ప్రశ్న మాసిపోతుందని ఆశ.

“యంత్రం బాగానే ఉందండీ దమయంతి గారూ. పోయిన నెల సవరణ చూశారా?”

“చూశాను సార్. అర్థం కాలేదు.”

“నాకూ కాలేదు. కానీ అమల్లోకి వచ్చేసింది.”

సంగతేమిటంటే, ఇదివరకు చట్టంలో పాత్రలంటే ఏవేవో రాసి ఉండేది. డ్రమ్ము, డబ్బా, సీసా, ట్యాంకు. దొంగ వ్యాపారులు ద్రావకాలను పాత టైర్లలో, గాజు దీపాల్లో, ఒకడైతే ఏకంగా గుమ్మడికాయల్లో నింపి, ఇవి పాత్రలు కావు కదా అని కోర్టుల్లో వాదించారు. విసుగెత్తి జాతీయ మండలివాళ్ళు ఆ మాటలన్నీ కొట్టేసి ఒకే వాక్యం పెట్టారు: ‘ప్రమాద పదార్థం పరిమితికి మించి దేనిలో ఉంటే, ఏ ఆకారంలో ఉన్నా, అదే పాత్ర.’

“ఆయన మనిషి కదా సార్” అన్నాను.

వైకుంఠరావు గారు చట్టాన్ని తెర మీద తెరిచి వెతికారు. “మనిషి అన్న మాట ఇందులో రెండుచోట్లే ఉందండీ. ‘శిక్షార్హుడైన మనిషి’ అని ఒకచోట, ‘మనిషికి అందని ఎత్తులో’ అని ఒకచోట. మీవారు రెంటిలోనూ పడరు.”

“మరి నన్నేం చేయమంటారు?”

“పాత్రకు ఏం చేస్తామో అదే చేయండి. లేబుల్ మాత్రం వెంటనే అంటించండి. లేబుల్ లేని పాత్ర కనిపిస్తే అక్కడికక్కడే ఎత్తుకుపోతారు. అది నా చేతిలో లేదు.”

ఇంటికొచ్చి లేబుల్ తీశాను. చొక్కా మీద అంటించబోతే నిబంధన గుర్తొచ్చింది. లేబుల్ పాత్ర మీదే ఉండాలి, కప్పిన గుడ్డ మీద ఉండకూడదు. మోచేతి కింద, వెంట్రుకలు తక్కువగా ఉన్నచోట అంటించాను. ఇన్నేళ్ళలో ఎన్ని వేల లేబుళ్ళు అంటించి ఉంటానో, ఒక్కటీ పక్కకి పోలేదు. ఇవాళ వంకరగా పడింది.

నమోదు 614, బుధవారం

నిల్వ నిబంధనలు ఒక్కొక్కటీ అమలు చేశాను. చేస్తున్నంతసేపూ పిచ్చి నాకా, చట్టానికా అనుకుంటూనే ఉన్నాను.

మండే ద్రవం ఉన్న పాత్రను నీడలో ఉంచాలి. సరే, వసారాలో కూర్చోబెట్టాను. పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు కాబట్టి వంటింట్లోకి రావద్దన్నాను. పాత్ర కారితే పట్టడానికి కింద తొట్టి ఉండాలి. ఆఫీసు నుంచి డ్రమ్ముల కింద పెట్టే నీలం తొట్టి తెచ్చి, అందులో కుర్చీ వేసి, కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టాను. నిప్పురవ్వ పుట్టకుండా పాత్ర నుంచి నేలలోకి రాగితీగ వేయాలి. ఆయన కాలి బొటనవేలికి క్లిప్పు పెట్టి, తీగ రెండో కొసను కరివేపాకు మొక్క దగ్గర భూమిలో పాతాను.

అన్నిటికీ బుద్ధిగా ఒప్పుకున్నాడు. నీలతీర సాల్వెంట్స్‌లో డ్రమ్ముల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఇవన్నీ డ్రమ్ములకు తన చేత్తో చేసినవే. క్లిప్పు వదులుగా ఉందని తనే బిగించుకున్నాడు కూడా. ఒక్క దగ్గర మాత్రం మొండికేశాడు. పాత్రను నిటారుగా నిలపాలి, పడుకోబెట్టరాదు.

“మజ్జానం కునుకు లేకపోతే నాను బతకనే. ఆ మాట మీ ఆఫీసోల్లకి సెప్పు.”

ఫోన్ చేశాను. వైకుంఠరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నంతసేపు మౌనంగా ఉండి, “కుర్చీ వెనక్కి వాల్చండి. ఎంత వాలితే పడుకున్నట్టో చట్టంలో లేదు” అన్నారు.

తవిటమ్మ అంబలి గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆవిడ భర్త పోలినాయుడు మా ఆయనతో ఒకే షిఫ్టులో చేసేవాడు, పోయి చాలాకాలమైంది. గుమ్మంలో నిలబడి తొట్టినీ, తీగనీ, చేతిమీద ఎర్ర లేబుల్‌నీ తేరిపార చూసింది.

“ఏటన్నా, జాతరలో బొమ్మలాగ కూకున్నావు?”

“నాను మూడో తరగతి పాసయినానమ్మా” అన్నాడు మా ఆయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇదంతా ఎక్కడికి పోతుందో నాకు అంతుపట్టడం లేదు. పొద్దున నేను చేసిన పనుల్లో ఒక్కటి కూడా తప్పు కాదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక్కటీ సవ్యంగా లేదు.

నమోదు 616, శుక్రవారం

లేబుల్ అసంపూర్ణంగా ఉందని ఆఫీసు నుంచి తిరుగు సందేశం వచ్చింది. యజమాని పేరు లేదు, నింపినవారి పేరు లేదు.

యజమాని దగ్గర నా పేరు రాసి పంపాను. శాఖ ఉద్యోగులు ప్రమాద పాత్రలకు యజమానులుగా ఉండరాదని తిరిగి వచ్చింది. పుట్టినప్పటి నుంచి నాకని అనుకున్న మేనబావ, ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్న మనిషి, నా మనిషి కాదట. ఆయన పేరే రాసి పంపాను. పాత్ర తనకు తాను యజమాని కాజాలదని వచ్చింది. ఇలా అడుగుతూ పోతే చివరికి ఏం మిగులుతుందో నాకు తెలుసు. యజమాని దొరకని పాత్రను దిక్కులేని పాత్ర అంటారు. దిక్కులేని పాత్రలను సోమవారం లారీ వచ్చి కొండ అవతల కొలిమికి తీసుకుపోతుంది. నేనే ఎన్నో డబ్బాలను ఎక్కించి పంపాను. కొలిమి నుంచి తిరిగి వచ్చేది బూడిద బరువు రాసిన చీటీ ఒక్కటే.

ఆఫీసుకు పరిగెత్తాను.

“సార్, మనిషిని కాలుస్తారా?”

“కాల్చరండీ. కాలుస్తారని నేను అనుకోను.” కళ్ళజోడు తీశారు గానీ తుడుచుకోవడం మర్చిపోయారు. “కానీ కాల్చకూడదని ఎక్కడా రాసి లేదు. అక్కడ చూసేవాళ్ళు ఎవరూ ఉండరు, అన్నీ యంత్రాలే. నింపినవాళ్ళు తమదేనని ఒప్పుకుంటే మాత్రం కొలిమి ఉండదు. వైద్యం దగ్గర్నుంచి అంతా వాళ్ళ పూచీ. అలాగని ఒప్పించండి.”

నీలద్రావకం తయారుచేసే నీలతీర సాల్వెంట్స్‌కు ఫోన్ చేశాను. అక్కడి మేనేజరు గొంతు తేనెలా ఉంది. “మేము ఉక్కు డ్రమ్ములనే నింపుతామమ్మా. మీరు చెబుతున్న రకం పాత్రలు మా దగ్గర లేవు” అన్నాడు. రాతపూర్వకంగా కూడా అదే పంపాడు. ఒక్క పాత్ర విషయంలో అయితే అలా రాసి పంపితే చాలట, చట్టం ఊరుకుంటుందట.

ఇంటికొచ్చి మా ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఈ ద్రావకం నీ ఒంట్లోకి ఎలా వచ్చిందో ఇప్పుడైనా చెప్పు అన్నాను. కాసేపు బొటనవేలి క్లిప్పుతో ఆడుకున్నాడు.

“ట్యాంకులోంచి డ్రమ్ములోకి ఒంపాలంటే పంపు కావాల. పంపు వాడాలంటే పర్మిట్టు. పర్మిట్టుకి మూడు సంతకాలు. అవి వొచ్చేసరికి షిఫ్టు అయిపోద్ది, ఆ రోజు లెక్కకి డ్రమ్ములు తక్కువైపోతాయి. అందుకని గొట్టం ఒక కొస ట్యాంకులో ఎట్టి, రెండో కొస నోట్లో ఎట్టుకుని ఒక్క లాగు లాగీవోలం. దారొచ్చీసేది. నోటికి పర్మిట్టు అక్కర్లేదు గదా.”

“మింగీవోడివేటి?”

“కావాలని ఎవుడు మింగుతాడే? ఒకోపాలి దిగిపోయేది. సుక్క దిగకుండా దార రప్పించినోడే మొనగాడు. మా షిఫ్టులో పోలినాయుడు మొనగాడు. ఆడి తరవాత నానే.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కొంచెం గర్వం కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రమాదాలు జరగకూడదని పెట్టిన పర్మిట్టును తప్పించుకోవడానికి ప్రమాదాన్నే మింగారన్నమాట. ఆ షిఫ్టులో ఉన్న తొమ్మిది మందీ పోటీలు పడి. ఇన్నేళ్ళూ నాతో ఒక్క ముక్క అనలేదు. చేతికందిన చేటను విసిరికొట్టాను. అది తొట్టిలో పడింది. ఆయన దాన్ని తీసి జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

నమోదు 617, శనివారం

ఒక దారి ఉందని వైకుంఠరావు గారే ఫోన్ చేసి చెప్పారు. పాత్రను మూడుసార్లు కడిగితే ఖాళీ పాత్రగా గుర్తిస్తారు. ఖాళీ పాత్రకు లేబుల్ అక్కర్లేదు.

“లోపల ఎలా కడగాలి సార్?”

“అది మీకే తెలియాలండీ.”

నాకేం తెలుసు? పొద్దున కుండెడు మజ్జిగ తాగించి, కుంకుడుకాయ రసంతో తలంటు పోశాను. మధ్యాహ్నం బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, మళ్ళీ స్నానం. సాయంత్రం ధనియాల కషాయం పట్టించి, దుప్పటి కప్పి చెమట పట్టించి, ఇంకోసారి పోశాను. ప్రతిసారీ ముక్కుని దగ్గర పెట్టి చూశాను. దాని మీద అంకె ఇసుమంత కూడా కదల్లేదు. నీలద్రావకం కొవ్వులో దాక్కుంటుందని, అక్కడి నుంచి రాదని శాఖ పాఠాల్లో నేనే చదివాను. చదివినది ఇంటికొస్తే ఎందుకు గుర్తుండదో.

“ఇంకోపాలి కడిగితే తోలూడిపోద్దే” అన్నాడు, తడితలతో తొట్టిలో కూర్చుని.

నేను ఏడ్చాను. ఏడుస్తూ తిట్టాను. ఆయన లేచి నా దగ్గరికి రాబోతే కాలి తీగ లాగి పట్టింది. క్లిప్పు పీకేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. తీగ లేకుండా పాత్రను కదపడం తప్పు. ఆ తప్పు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

“ఒకేళ ఆ కొలిమికాడికి ఎల్తే,” అన్నాడు, “ఆ యంత్రాలు నన్ను సూసి, ఈడు మనిసిరా అని అనుకోవేటి?”

ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి. ఆ ప్రశ్న నిజంగానే అడిగాడు. నాకు తెలియదు అన్నాను.

నమోదు 618, ఆదివారం

ఊసుపోక మా ఆయన నిబంధనల పుస్తకాన్ని పొద్దున్నుంచి చదువుతున్నాడు. అర్థం కానివి పైకి చదివి నన్ను అడుగుతాడు. నాకూ అర్థం కావు. మధ్యాహ్నం ఒకటి చదివి, దాన్నే మళ్ళీ చదివాడు.

‘ఒకే బ్యాచ్‌కు చెందిన పాత్రలు మూడు గాని, అంతకు మించి గాని ఒకేచోట ఉన్నచో వాటిని విడదీయరాదు. నింపినవారు స్వయంగా వచ్చి చూసేవరకు కదపరాదు. తమవి కావని చెప్పుటకైనను స్వయంగా వచ్చి, పాత్రల యెదుట నిలబడి చెప్పవలెను.’

“మీ షిఫ్టోలు ఎవలున్నారు బావా? ఎక్కడున్నా పిలిపిద్దాం.”

ఆయన ఒక్కొక్క పేరు తలుచుకున్నాడు. ఒకరికి కాలేయం పోయింది, ఒకరికి రక్తం చెడింది. ఒకరు నిద్రలోనే వెళ్ళిపోయారు, ఎందుకో ఎవరూ అడగలేదు. పోలినాయుడి సంగతి తెలిసిందే. పేర్లు అయిపోయాక పుస్తకం మూసేశాడు. ఆ బ్యాచ్‌లో మిగిలిన పాత్ర ఆయనొక్కడే.

తవిటమ్మ అప్పుడే వచ్చింది. జరిగినదంతా చెప్పాను. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని నా పక్కన కూర్చుంది.

“ఒదినా, ఆ ముక్కుని నీ మూతికాడ ఎప్పుడైనా ఎట్టుకున్నావేటి?”

లేదు. తనిఖీ చేసేవాళ్ళ ఊపిరి లెక్కలో కలిసిపోకూడదని డ్యూటీలో ముఖానికి తొడుగు వేసుకుంటాం. ఇంట్లో కాలు పెట్టగానే ముక్కుని ఆపేసి మేకుకు తగిలిస్తాం. మొన్న సోమవారం దాన్ని ఆపడం మర్చిపోబట్టే కదా ఇదంతా. గొట్టం పీల్చిన ఆయనకైతే దూరం నుంచే కూసింది గానీ, దాన్ని ఏ ఆడదాని మూతి దగ్గరా పెట్టి చూడలేదు.

“నన్నెందుకు పెట్టుకోమంతన్నావు? నాను ఏ గొట్టమూ పీల్చలేదు.”

“నాకు మల్లే నువ్వూ ఆ బట్టలు ఉతకలేదేటి?”

ఉతికాను. షిఫ్టు దిగి వచ్చాక ఆయన పనిబట్టలు వేడినీళ్ళలో నానబెట్టి, ఆవిరి ముఖానికి కొడుతుంటే బండకేసి ఉతికేదాన్ని. ఆ వాసనకు మొదట్లో తల తిరిగేది, తర్వాత అలవాటైంది. కాలనీలో ఆడవాళ్ళందరం అంతే.

ముక్కుని మేకు మీంచి దించి ముఖం దగ్గర పెట్టుకున్నాను. ఊపిరి వదిలాను. కూత వచ్చింది. లేబుల్ వచ్చింది. అదే ద్రావకం, అదే బ్యాచ్. తవిటమ్మ తనంతట తనే ముందుకు వంగి ఊదింది. మళ్ళీ కూత, మళ్ళీ ఎర్ర లేబుల్.

మూడు.

ఆ క్షణం నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఆయన్ని ఎవరూ తీసుకుపోలేరు అన్న ఒక్క మాటే బుర్రలో గిర్రున తిరిగింది. నేనూ తవిటమ్మా ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. తర్వాత ఇద్దరి చేతుల్లో ఉన్న లేబుళ్ళు చూసుకుని, దేనికి సంతోషిస్తున్నామో అర్థమై, నవ్వు ఆపేశాం. ఇప్పటికీ ఏది ముందు, ఏది వెనక అని చెప్పలేను. సంతోషమూ భయమూ కలిసే ఉన్నాయి.

మా ఆయన మాత్రం నవ్వలేదు. పొద్దుపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

నమోదు 619, సోమవారం

లారీ ఉదయమే వచ్చింది. దానికి డ్రైవరు ఉండడు. రెండు ఇనుప చేతులూ, మర్యాదగల గొంతూ ఉంటాయి.

“నమస్కారం. దిక్కులేని పాత్ర ఒకటి. దయచేసి తొట్టితో సహా బయట పెట్టండి.”

మేము ముగ్గురం వసారాలో వరుసగా కూర్చున్నాం. నా చేతిమీద, తవిటమ్మ చేతిమీద లేబుళ్ళు అంటించే ఉన్నాయి. వీధిలో జనం పోగయ్యారు. లారీ ఒక ఇనుప చెయ్యి చాచి మా ఆయన కుర్చీ కోడు పట్టుకుంది. కుర్చీ కొంచెం పైకి లేచింది. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, నియమాలన్నీ మర్చిపోయి. తవిటమ్మ నా భుజం పట్టుకుంది. లారీ ఆగింది. దాని నుదుటి మీద ఉన్న ముక్కు మా మీదుగా అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరిగింది.

“ఒకే బ్యాచ్ పాత్రలు మూడు ఉన్నవి. విడదీయుట నిషిద్ధం. నింపినవారిని పిలిపించవలెను.”

కుర్చీని తొట్టిలో నెమ్మదిగా దించింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. అంత తేలిగ్గా వెళ్ళిపోతుందని నేను అనుకోలేదు. మూడిళ్ళ అవతల ఉండే ఒకావిడ, వాళ్ళాయన కూడా డ్రమ్ముల సెక్షనే, మెల్లగా వచ్చి, “నాకూ ఓపాలి ముక్కు ఎట్టమ్మా” అని అడిగింది. ఆవిడ వెనక ఇంకొకరు వచ్చి నిలబడ్డారు.

వైకుంఠరావు గారు స్వయంగా వచ్చారు. నా చేతిమీద లేబుల్ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని అన్నారు, “పాత్ర పాత్రలను తనిఖీ చేయరాదండీ. రేపటి నుంచి మీరు ఆఫీసుకు రాకూడదు.”

“ఇవాళ రావచ్చా సార్?”

“ఇవాళ మీరు ఉద్యోగే. అందుకే చెబుతున్నాను. సాయంత్రంలోగా నింపినవారి పేరు ప్రతి లేబుల్ మీదా మీ చేత్తో రాసి పంపండి. పంపితే నోటీసు వెళ్ళిపోతుంది. వాళ్ళు ఇక్కడికి వచ్చి మీ ఎదుట నిలబడాలి. ఖాళీగా ఉంటే మాత్రం చెల్లదు.”

ముందు మా ఆయన లేబుల్ మీద నీలతీర సాల్వెంట్స్ అని రాశాను. తవిటమ్మ లేబుల్ మీద అదే రాశాను. వరుసలో నిలబడ్డవాళ్ళందరికీ చూసి, అంటించి, రాశాను. వీధి ఖాళీ అయ్యేసరికి పొద్దు వాలిపోయింది. నాదొక్కటే మిగిలింది. పెన్ను పట్టుకునేసరికి మా ఆయన నిన్నటి నుంచి మొదటిసారి నోరు తెరిచాడు.

“నీది కంపెనీ నింపలేదు. నాను నింపినాను. ఆ బట్టలు నానే తెచ్చి నీ ముందర పడీసినాను, రోజూ. నీదాని మీద నా పేరు రాయే.”

లేబుల్ ఉన్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నిన్నంతా ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. నిన్న ఆయన భయపడింది కొలిమికి కాదు, దీనికి. బట్టలు తెచ్చింది ఈయనే, ఉతికింది నేనే. మధ్యలో కంపెనీ ఎక్కడుందో ఎలా చూపించను?

“ఆ బట్టలు నువ్వు కొన్నావా?” అన్నాను.

“కంపెనీ ఇచ్చింది.”

“అక్కడ ఉతికించలేదేటి?”

“ఇంటికాడ ఉతికించుకోమనీవోరు.”

“సొక్కా జేబు మీద ఎవలి పేరుండేది బావా?”

జేబు మీద నీలం దారంతో కుట్టి ఉండేది కంపెనీ పేరు. ద్రావకం మరకలన్నీ ఆ కుట్టులోనే పట్టేవి. మిగతా చొక్కా ఒక ఎత్తు, ఆ జేబు ఒక ఎత్తు. బ్రష్షుతో ఒక్కో అక్షరాన్ని విడివిడిగా రుద్దేదాన్ని, ముఖం దగ్గరగా పెట్టుకుని, మరక పోయిందో లేదో చూసుకుంటూ.

లేబుల్ మీద ఆ పేరే రాశాను. ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వస్తుందో నా వేళ్ళకు తెలుసు.